త్రాసును తూచే బంగారం

కొత్త లేత్‌తో పాటు డబ్బాలో ఒక కాగితం వస్తుంది. వరసగా గడులు. స్పిండిల్ ఊపు ఎంతవరకు ఉండొచ్చు, ఈ యంత్రంలో ఎంత ఉంది. క్యారేజ్ నడక ఎంత వంకర పోవచ్చు, ఇందులో ఎంత పోయింది. అన్నీ హద్దులోపలే ఉంటాయి. కింద పోల్చుకోలేని సంతకం, ఒక ఎర్ర ముద్ర. సముద్రం అవతల ఏదో షిఫ్టులో ఒక మనిషి డయల్ గేజ్ ఆనించి చూసే ఈ అంకెలు వేశాడని నమ్మాలి. లేదంటే, ఆనించకుండానే వేశాడని అనుమానించాలి. నలభై కిలోల పైచిలుకు ఇనుమును వరండాలో బల్ల మీదికి ఎక్కించి, ఆ కాగితం చేత్తో పట్టుకుని కూర్చుంటే, తర్కశాస్త్రం ఎందుకు పుట్టిందో కొంత తెలిసొస్తుంది. అది శబ్దప్రమాణం. ఆప్తుడు చెప్తే నమ్మవచ్చు. వీడు ఆప్తుడేనా?

ఆ గడుల కాగితానికి ఒక వంశం ఉంది. బెర్లిన్‌లో ఆచార్యుడిగా పనిచేసిన గెయోర్గ్ ష్లెజింగర్ 1927లో యంత్రాల పరీక్షల మీద ఒక పుస్తకం అచ్చు వేశాడు. ఏ యంత్రానికి ఏ పరీక్ష, గేజ్ ఎక్కడ ఆనించాలి, ఎంత తేడాను ఓర్చుకోవచ్చు అన్నది పట్టికల్లో పెట్టాడు. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య తగవు తీర్చే మార్గం అది. ఆయన యూదుడు. 1933లో నాజీలు ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. చివరికి ఇంగ్లండు చేరాడు. పట్టికలు మాత్రం ఎల్లలు దాటి అన్ని దేశాల లేత్ డబ్బాల్లోకీ చేరాయి.

ముందు శుభ్రం చేయాలి. దారిలో తుప్పు పట్టకుండా పూసిన గ్రీజు పాత బెల్లప్పాకంలా సాగుతూ ఉంటుంది. కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో తుడుస్తూ పోతే, దాని అడుగున పోత ఇసుక రేణువులు, మిల్లింగ్ చేసినప్పటి రజను వేళ్లకు తగులుతాయి. హాఫ్ నట్ విప్పి చూస్తే మరల మధ్య కూడా అదే. జిబ్ పట్టీల స్క్రూలు కొన్ని బిగుతుగా, కొన్ని వదులుగా ఉంటాయి. క్రాస్ స్లైడ్ హ్యాండిల్ తిప్పుతుంటే ఒకచోట బరువుగా, ఇంకోచోట తేలిగ్గా పోతే అర్థం అదే. వాటిని ఓపిగ్గా సర్దాలి. బేరింగులు అలవాటు పడేలా తక్కువ వేగంలో కాసేపు ఉత్తినే తిప్పి, హెడ్ స్టాక్ మీద అరచెయ్యి పెట్టి వేడి చూడాలి. చక్ తాళం చక్‌లో వదిలి స్విచ్ వేయకూడదన్నది వేరే చెప్పనక్కర్లేదు. ఇదంతా చాకిరీ. ఇందులో తాత్త్వికత వెతికేవాళ్లను నేను నమ్మను. ఆలోచించవలసింది ఆ తర్వాత, లెవెల్ బయటికి తీసినప్పుడు వస్తుంది.

మా అక్కాబావలు జీడిమెట్లలో ఉంటారు. బావ జీవితమంతా టర్నింగ్ పని చేసినవాడు. స్క్రేపింగ్ మాత్రం ప్రాగా టూల్స్‌లో చేసి వచ్చిన ఒక మేస్త్రీ దగ్గర నేర్చుకున్నాడు. 1943లో సికింద్రాబాదులో మొదలైన ఆ కంపెనీ పేరు చెప్తే ఆ తరం పనివాళ్ల గొంతు ఇప్పటికీ కొంచెం పెరుగుతుంది. గీతకు మీటరు మీద 0.1 మిల్లీమీటరు వాలు చూపే లెవెల్‌ను నేను క్రాస్ స్లైడ్ మీద అడ్డంగా పెట్టాను. బుడగ రెండు గీతలు వెనక వైపుకు జరిగి ఆగింది. ముందు వైపు పల్లంగా ఉందని తేల్చి, స్పానర్ అందుకోబోయాను.

“లెవెల్‌ను నమ్ముతున్నవ్, మంచిగనే ఉంది. గని ఆ లెవెల్‌ను ఎవలు చూసిన్రు?” అన్నాడు బావ. “తిప్పి పెట్టు.”

అదే చోట, ముందు కొస వెనక్కీ వెనక కొస ముందుకూ వచ్చేలా తిప్పి పెట్టాను. బుడగ సరిగ్గా నడిమికి వచ్చింది. అంటే మొదట చెప్పింది అబద్ధం, ఇప్పుడు చెప్పింది నిజమా? నడిమికి వచ్చిందంటే మనసు వెంటనే దాని వైపు మొగ్గుతుంది. బావ మొగ్గలేదు. రెండు సార్లూ బెడ్ వాలు ఒకటే. లెవెల్ సొంత తప్పు మాత్రం తిప్పినప్పుడు దిక్కు మార్చుకుంటుంది. ఒకసారి వాలుకు కలిసి రెండు గీతలైంది, ఇంకోసారి వాలులోంచి పోయి సున్న అయింది. కాబట్టి బెడ్ వాలు ఒక గీత, లెవెల్ తప్పు ఒక గీత. నడిమిన నిలిచిన ఆ బుడగ మొదటిదానంతే అబద్ధం చెప్పింది. “దాని తప్పు దానితోనే చెప్పించాలె,” అన్నాడు బావ.

ఈ చిన్న పని నన్ను చాలాసేపు వదల్లేదు. తప్పున్న పరికరం చేతికొస్తే మనకు తోచే మార్గం ఒక్కటే, అంతకంటే మంచి పరికరం తేవడం. దాన్ని చూడటానికి ఇంకా మంచిది. ఆ మెట్లెక్కి పోతే ఎక్కడ ఆగాలి? నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో తర్కశాస్త్రం చెప్పే నైయాయికులను నిలదీసింది ఈ ప్రశ్నతోనే. వస్తువులు ప్రమాణం వల్ల తేలుతాయంటున్నారు, ప్రమాణం దేనివల్ల తేలింది? ఇంకో ప్రమాణం వల్లనంటే అది అనవస్థ, దానికి అంతులేదు. దానికి ప్రమాణం అక్కర్లేదంటే, అన్నీ ప్రమాణం వల్లే తేలాలన్న మీ మాట మీరే వదిలేసినట్టు.

గౌతముడి న్యాయసూత్రాల్లో రెండో అధ్యాయంలో దీనికొక జవాబు ఉంది. నా మట్టుకు అది వర్క్‌షాపులోంచి వచ్చిన జవాబులానే కనిపిస్తుంది. అక్కడ ఉదాహరణ త్రాసు. త్రాసు బరువు చెప్తుంది, అప్పుడది ప్రమాణం. కానీ ఇంకో త్రాసు మీద అనుమానం వస్తే, బరువు తెలిసిన బంగారంతో దాన్ని సరిచూస్తామని భాష్యకారుడు వాత్స్యాయనుడు వివరిస్తాడు. అప్పుడు బంగారం ప్రమాణం, త్రాసు ప్రమేయం, అంటే తేలవలసినది. ప్రమాణం అనేది ఒక వస్తువుకు పుట్టుకతో వచ్చిన హోదా కాదు. పనిలో అది చేసే పాత్ర. పాత్రలు మారవచ్చు. కంసాలి త్రాసు ముందు కూర్చుని ఎవరో ఈ ఆలోచన చేసి ఉంటారని నాకు గట్టి అనుమానం.

మీమాంసకుల దారి వేరు. జ్ఞానం పుట్టడమే నిజంగా పుడుతుంది, బాధకం ఎదురయ్యేదాకా దాన్ని శంకించనక్కర్లేదంటారు. కాదు, దాని సత్యం బయటి నుంచి తేలవలసిందేనంటారు నైయాయికులు. మన తెలుగువాడని చెప్పుకునే అన్నంభట్టు తర్కసంగ్రహంతో చదువు మొదలుపెట్టేవాళ్లు ఈ తగవును తొందరగానే తాకుతారు. షెడ్డులో మాత్రం తగవు లేదు. రోజువారీ పని మీమాంసకుల దారినే నడుస్తుంది, పొద్దున్నే ఎవరూ తమ మైక్రోమీటర్‌ను శంకించరు. జాబ్ తిరిగొచ్చిన రోజున న్యాయం మొదలవుతుంది.

హెన్రీ మాడ్‌స్లే లండన్ వర్క్‌షాపులో ఒక మైక్రోమీటర్ ఉండేది. మరలు కోసే లేత్‌ను పద్దెనిమిదో శతాబ్దం చివర్లో పక్కాగా నిలబెట్టినవాడాయన. అంగుళంలో పదివేలో వంతు దాకా చూపే ఆ పరికరానికి లార్డ్ చాన్సలర్ అని ముద్దుపేరు. అంటే దేశపు పెద్ద న్యాయమూర్తి; కొలత మీద తగవొస్తే ఆఖరి తీర్పు దానిదే. పేరు బాగుంది గానీ, నాకు అంతకంటే గొప్పగా తోచేది అదే షెడ్డుకు చెందిన ఇంకో పద్ధతి. దాన్ని అక్కడ పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1840లో పండితుల సభలో వివరించాడు. అందులో న్యాయమూర్తే లేడు.

చదునైన పలక తయారు చేయాలి, సరిచూడటానికి చదునైన పలక ఏదీ లేదు. రెండు పలకలకు రంగు పూసి ఒకదానితో ఒకటి రుద్ది, రంగంటిన మిట్టల్ని గీకుతూ పోతే చివరికి రెండూ అతికినట్టు కూర్చుంటాయి. కూర్చున్నంత మాత్రాన చదునైనట్టు కాదు. ఒకటి ఉబ్బెత్తుగా, రెండోది ఆ మేరకే గుంటగా ఉన్నా ఇలాగే కూర్చుంటాయి. ఇద్దరు ఒప్పుకున్నారు కాబట్టి నిజమే అయ్యుంటుందనే మాట మన ఇళ్లలోనూ సభల్లోనూ ఎంత చెల్లుబాటవుతుందో చూస్తుంటే, ఈ పలకల సంగతి బడిలోనే చెప్పాలనిపిస్తుంది. మూడో పలక వస్తే ఆట మారుతుంది. మొదటిది ఉబ్బెత్తు, రెండోది గుంట అయితే, రెండోదానికి అతికే మూడోది ఉబ్బెత్తే అవ్వాలి. ఇక మొదటిదీ మూడోదీ ఎదురెదురైతే రెండు పొట్టలూ తగిలి ఊగుతాయి. ఏ రెండిటిని ఎటు తిప్పి కలిపినా కూర్చునే దాకా గీకితే, మూడూ చదును కావడం తప్ప గత్యంతరం లేదు. ఏదీ ముందుగా సరైనది కాదు. సరైనదనం మూడింటి మధ్య పుట్టింది.

మళ్లీ వరండాకు వస్తే, క్యారేజ్‌ను చక్ దగ్గర్నుంచి టెయిల్ స్టాక్ దాకా జరుపుతూ లెవెల్‌ను చూశాం. బుడగ ఇంకో మూడు గీతలు వెనక్కి పోయింది. ఇక్కడ లెవెల్ సొంత తప్పు అడ్డు రాదు. రెండు చోట్లా ఒకే తప్పు కలుస్తుంది, తేడా తీస్తే అదే పోతుంది. బెడ్ మట్టంగా ఉండాలన్నది కూడా నిజానికి అపోహే. ఓడల్లోనూ లేత్‌లు తిరుగుతాయి. అలల మీద మట్టం ఎక్కడిది? కావలసింది మెలి లేకపోవడం. మా బెడ్‌కు మెలి ఉంది, టెయిల్ స్టాక్ వైపు ముందు పాదం కిందికి దిగి ఉంది.

చక్ సంగతి వేరు. గ్రౌండ్ రాడ్ పట్టి డయల్ ఆనిస్తే ముల్లు 0.06 మిల్లీమీటర్లు ఊగింది. ఊపు రాడ్‌దా, చక్‌దా? రాడ్‌ను దవడల్లో సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించాం. మిట్ట రాడ్‌తో పాటు జరగకుండా అదే దవడ దగ్గర ఉండిపోయింది. చక్‌దే. మూడు దవడల చక్‌కు ఆ మాత్రం ఊపు మామూలే. పైగా అది చాలా పనుల్లో లెక్కలోకే రాదు. ముడి రాడ్ పట్టి, విప్పకుండా ఒకే పట్టులో బయటా లోపలా కోస్తే, అన్నిటికీ కేంద్రం స్పిండిల్‌దే అవుతుంది. చక్ ఎటు జరిపి పట్టిందో ఆ ముక్కకు పట్టదు. విప్పి మళ్లీ పట్టిన క్షణం నుంచే చిక్కు.

అసలు పరీక్షకు డయల్ కూడా అక్కర్లేదు. 30 మిల్లీమీటర్ల ఎం.ఎస్. రాడ్‌ను చక్‌లో ఒక్కవైపే పట్టి, బయటికి వదిలి, మధ్య భాగాన్ని కొంత సన్నం చేశాం. చక్ దగ్గర ఒక పట్టీ, చివర ఒక పట్టీ మిగిలాయి, వాటి మధ్య దూరం సుమారు 100 మిల్లీమీటర్లు. పదునైన టూల్‌తో, పోటును కదల్చకుండా రెండిటినీ పలుచగా కోశాం. చివరి పట్టీ 0.03 మిల్లీమీటర్లు లావుగా వచ్చింది. ఇప్పుడు నేరస్థులు ఎవరు? చక్ కాదు, అక్కడే పుట్టిన వృత్తానికి చక్ ఊపు అంటదు. రాడ్ కొస టూల్‌కు జంకి వంగి ఉండొచ్చు. హెడ్ స్టాక్ వంకరగా ఉండొచ్చు. బెడ్ మెలి కావచ్చు. టూల్‌ను ముందుకు జరపకుండా అదే దారిలో మళ్లీ ఒకసారి నడిపితే చివరి పట్టీ దగ్గర ధూళిలాంటి రజను రాలింది, తేడా 0.02కు తగ్గింది. ఆ తగ్గినంత రాడ్ వంపు. మిగిలింది లెవెల్ చెప్పిన దిక్కుకే సరిపోతోంది: ముందు పాదం దిగితే, బెడ్‌కు ఎత్తులో ఉన్న టూల్ మొన మన వైపుకు వాలుతుంది, జాబ్‌కు దూరమవుతుంది, ముక్క లావవుతుంది.

కూల్‌డ్రింక్ డబ్బా గోడ మందం దాదాపు 0.1 మిల్లీమీటరు ఉంటుంది. కత్తిరించి అంచులు సాపు చేసి ఆ పాదం కింద పెట్టి బోల్టు బిగించాడు బావ. మళ్లీ కోశాం. ఆగి కొలవాలి, కోసిన వేడి జాబ్‌లో ఉంటుంది. ఎండాకాలం గది గురించి మాత్రం కంగారు పడనక్కర్లేదు. కొలతలకు లోకమంతా పెట్టుకున్న ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు, మన వరండా 35. కానీ మైక్రోమీటర్ ఉక్కూ రాడ్ ఉక్కూ ఒకే మేరకు వ్యాకోచిస్తాయి, తేడా తేలిపోతుంది. రెండు పలకల మోసం ఇక్కడ మనకు మేలే చేస్తుంది. తేడా 0.005కు వచ్చింది. అక్కడ ఆపాం. ఇంకా పోవచ్చు గానీ, ఈ సైజు లేత్‌లో బోల్టు ఇంకో పావు చుట్టు బిగిస్తే ఆ అంకె మారిపోతుంది. మారేదాన్ని వెంటాడటం పరీక్ష కాదు.

పాత టేబుల్ ఫ్యాన్‌కు గన్ మెటల్ బుష్ ఒకటి మొదటి పని. ఒకే పట్టులో బయటా లోపలా కోసి, తెగ్గొట్టి, నొక్కి కూర్చోబెట్టాం. ఫ్యాన్ చప్పుడు లేకుండా తిరిగింది. దాహం తీరితే చూసింది నీళ్లేనని తేలినట్టు, పని నెరవేరితే జ్ఞానం నిజమని నైయాయికుల మాట. వాళ్లతో నేను పేచీ పెట్టేది ఇక్కడే. పన్నెండు మిల్లీమీటర్ల బుష్‌లో, మొదట ఉన్న ఆ వంకరతోనే కోసినా ఫ్యాన్ ఇలాగే తిరిగేది. ఫ్యాన్ తిరగడం ఆ పొట్టి ముక్క మేరకే సాక్ష్యం, లేత్ గురించి అదేం చెప్పలేదు.

బావకు ఆ పేచీ అక్కర్లేదు. “గిర్నీ షాఫ్ట్ ఒకటి ఉన్నది, రెండు సెంటర్ల నడుమ పట్టాలె. నీ టెయిల్ స్టాక్ ఏమంటదో?” అన్నాడు. దాన్ని మేమింకా ముట్టుకోలేదు. దానికి పొడుగు రాడ్ కావాలి, ఇంట్లో ఉన్నవన్నీ తుంపులే. సోమవారం రాణిగంజ్ వెళ్లాలి.