పెద్దల రక్షణయు, పెద్దల సమ్మతియు

వ్యాపార నిమిత్తము బిడ్డలు బెంగుళూరు, పుణె నగరములకు చేరగా, బళ్లారి, హోస్పేట వంటి ఊళ్లలో దుకాణముపై మేడలో వృద్ధులు ఒంటరిగా మిగులుట నేడు జైన కుటుంబములలో సాధారణమైనది. స్నానపుగదిలో కాలుజారి పడుదురేమో యను భయము కుమారులను వదలదు. భయము నిరాధారము గాదు. ప్రపంచమున ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవుట వలననే మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అరువదేండ్లు దాటినవారే అధికము. లేవలేక గంటల తరబడి చల్లని బండలపై ఉండిపోవుట పడుటకంటెను ప్రమాదకరము.

ఇందుకై యంత్రములు వచ్చినవి. మెడలో వేసికొని ఆపదలో నొక్కెడి మీట పాతది. స్పృహ తప్పినవారు దానిని నొక్కలేరు. 2018లో ఆపిల్ కంపెనీ తన చేతి గడియారమున పతనమును తానే గుర్తించు ఏర్పాటు చేసినది. గట్టిగా పడి సుమారు ఒక నిమిషము కదలకున్నచో అది సహాయమునకు ఫోను చేయును, ఇంటివారికి సందేశము పంపును. గోడకు బిగించు రాడార్ పెట్టెలు కెమెరా లేకయే కదలికను కనిపెట్టును. అయితే గోడ నానుకొని మెల్లగా జారినవారిని గడియారము గుర్తింపకపోవచ్చును. చార్జి చేయుట మరచినచో అది వట్టి గాజు బిళ్ళ.

అయినను పెద్దలు అనేకులు దీనిని ఒల్లరు. "నాకు కాపలాయా?" యని తల్లి యడుగును. ఆ మాటను మొండితనమని త్రోసివేయుట న్యాయము గాదు. ఏబది యేండ్లు ఇంటి తాళములు నడుమున దోపుకొని సంసారము నడిపినామె, తాను ఏ వేళ లేచినది, ఏ వేళ స్నానపుగదికి పోయినది వేరొక నగరమున కోడలి ఫోనులో కనబడుట నెట్లు సహించును? చెప్పక పెట్టెను బిగించు కుమారుడు ప్రేమతోనే బిగించును. అయినను ఇయ్యనిదానిని గైకొనుట అదత్తాదానము. శ్రావకుని మూడవ అణువ్రతము ధనధాన్యములకే గాని ఒకరి దేహవార్తకు వర్తింపదని ఎవరు చెప్పగలరు? తూకములో గురిగింజ ఎత్తు తేడాకు వెరచు వర్తకుడు ఇచట మాత్రము ఏల వెరవడు? పడినప్పుడు మాత్రమే కబురు పోవునట్లు, తక్కిన వేళల ఏమియు పోకుండునట్లు అమర్చి, ఆ సంగతి విడమరచి చెప్పినచో ఒప్పుకొను తల్లులు లేకపోరు.

తల్లివైపు పద్దును సైతము చూడవలసియున్నది. నిరాకరణలో కొంత మాన కషాయము కలదు. నిన్న పడిన సంగతి దాచి, కమిలిన మోచేతిని కొంగుతో కప్పుట మాయ. తుంటి యెముక విరిగి మంచము పట్టునది తానైనను, దుకాణము మూసికొని వచ్చువాడు కుమారుడు. జీవులు ఒండొరులకు ఉపకరింపవలెనను తత్త్వము కొడుకులకే గాక కన్నవారికిని చెప్పబడినది.

సాధు సాధ్వులు ఈర్యాసమితి ననుసరించి ముందు నాలుగు మూరల నేల చూచుచు నడచుట చీమను కాపాడుటకు. ముసలితనమున ఆ యలవాటు నడచువారినే కాపాడును. తడిలేని నేల, పట్టుకొనుటకు గోడకొక కమ్మీ, రాత్రి చిన్న దీపము ఎవరి మానమును భంగపరచవు. ముందు ఇవి చేసి, పిమ్మట గడియారపు మాట ఎత్తుట మేలు.

మిగిలిన చిక్కు సామాయికము. ఆ 48 నిమిషములు విద్యుత్ వస్తువును తాకమను నియమము గలవారు గడియారమును తీసి ప్రక్కన పెట్టుదురు. కాళ్లు తిమ్మిరెక్కి, లేచునపుడు తూలుటయు ఆ వేళనే. అప్పుడు పొరుగింటి సాధర్మికురాలో, దుకాణపు గుమాస్తాయో ప్రక్కగదిలో కూర్చుండవలెను. ఇంటి తాళపుచెవి యొకటి వారి యొద్ద నుండవలెను.