చెరువుకు శత్రువు లేడు

మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు శాసనం వేయించింది కాకతి గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ. చెప్పాల్సింది చెరువు పుణ్యం గురించి. చెప్పిందాంట్లో చాలామటుకు యుద్ధాల వంశచరిత్ర. పూర్వీకుడు మూడో గుండన రాష్ట్రకూట రెండో కృష్ణుడి పక్షాన వేంగి చాళుక్యులతో పోరాడి చనిపోయాడు. కొడుకు ఎర్రన కురవాడికి అధిపతి అయ్యాడు. అది నేటి కురవి అంటారు. రెండు సామ్రాజ్యాల నడుమ నలిగిన నేల అది. మరి నెత్తురు చిందించి గెలుచుకున్న నేల మీద తవ్విన చెరువు ధర్మమెలా అవుతుంది?

అధికారాన్ని జనం చేత ఒప్పించుకోవడానికి గుళ్లూ చెరువులూ ఓ సాధనమని చరిత్రకారులంటారు. నిజమే. దేవగిరి యాదవులతో పోరులో తండ్రి మహాదేవుడు చనిపోయి గణపతిదేవుడు చెరపడితే రాజ్యాన్ని నిలిపిన సేనాని రేచర్ల రుద్రుడే 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. ఇంతకన్నా బరువైన ఆక్షేపణ జనగామ వైపు శివకవి నుంచి వస్తుంది. పాలకుర్తి సోమనాథుడు బసవపురాణంలో నెత్తిన పెట్టుకున్నది రాజులను కాదు, కుమ్మరి గుండయ్య, చాకలి మడివాలు మాచయ్య లాంటి భక్తులను. ఆ తూకంలో రాజు దానం తేలిపోతుంది. తేలిపోనివ్వండి. దాత పుణ్యం వేరు, దానమనే ధర్మం వేరు. మనసు చెడ్డదైతే పుణ్యం దక్కకపోవచ్చు, నీళ్లు మాత్రం పారతాయి.

ఈ తేడా శాసనాలు రాసినవాళ్లకు తెలుసు. తెలుగు శాసనాల చివర తరచు కనిపించే ఒక శ్లోకం సారాంశం ఇది: శత్రువు చేసిన ధర్మాన్నీ కాపాడాలి, పగ మనిషితోనే గానీ ధర్మంతో కాదు. దానం పొందినవాళ్లు భూమి పోతుందనే భయంతో రాయించుకున్నారని అనవచ్చు. కాజేసేవాడు అరవై వేలేళ్లు మలంలో పురుగై పుడతాడని శపించారంటే కాజేసేవాళ్లు ఉన్నట్టే కదా. కానీ భయంలోంచి పుట్టినా ఆ నియమం చెయ్యి కట్టేసింది గెలిచినవాడికే. ఓడినవాడి చెరువును పూడ్చే హక్కు విజేతకు లేదని చెప్పడం, నా దృష్టిలో, ఆ యుద్ధాల కాలం ఆలోచించిన అన్నిటికన్నా పెద్ద మాట.

కాకతీయుల రాజధాని ఓరుగల్లు 1323లో పడిపోయింది. బయ్యారం చెరువు కింద ఇప్పటికీ వరి నాట్లు పడుతున్నాయి.