మల్లెపొదకు కత్తి పెట్టు కాలము

(ధ్యానభాగము: యోహాను 15:1–8)



నవంబరు నెలాఖరున కట్టంగూరులో ఒక వృద్ధురాలగు తల్లి యింటికి ప్రార్థనకు వెళ్లితిమి. వాకిట మల్లెపొద గుమ్మమును మూయునంతగా పెరిగియున్నది. పైకి అంతయు పచ్చదనమే. లోపల చేయిపెట్టి చూడగా ఎండుపుల్లలు, ఒకదానినొకటి ఒరుసుకొను కొమ్మలు. గత వేసవిలో మూరెడు పూలైన రాలేదని ఆమెయే చెప్పెను. కోయుదుమా అని అడిగితిమి.

“నా కొడుకు పెట్టిన చెట్టు, అయ్యగారూ. దీన్ని కోస్తే వాన్ని మల్లా పోగొట్టుకున్నట్టే గదా” అనెను. ఆ కుమారుడు పోయి మూడేండ్లు.

ద్రాక్షావల్లి అధ్యాయము మా నాలుక చివరనే యుండెను గాని చెప్పలేదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో, దేవుడు నిన్ను కత్తిరించుచున్నాడు అనువారిని మేమెరుగుదుము. ఒకప్పుడు మేమును అట్లనినవారమే. అది తప్పు. అచ్చట వ్యవసాయకుడు ఫలించు తీగెను బాగుచేయుచున్నాడు గాని, ఎవని మరణమునకును కారణము చెప్పుట లేదు. గ్రీకు మూలమందు ఆ క్రియకు శుభ్రపరచుట అని అర్థము. శిష్యులు పవిత్రులని మరుసటి వచనములో ప్రభువు పలికిన మాటయు దానికి చుట్టమే.

గనుక చెట్టును గూర్చియే మాటలాడితిమి. మల్లె పూయునది క్రొత్త చిగురుమీద. చలికాలము దానికి విశ్రాంతి. కోతకు రెండు మూడు వారములు ముందుగా నీరు మానవలెను. బావి దూరమగుటచే ఆమె ఎట్లును మానియుండెను. ఎండినవి, తెగులు పట్టినవి, అడ్డముగా పోవునవి మొదట తీయవలెను. తరువాత మిగిలినవాటిని నేలనుండి మూరెడు, అనగా సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తున, కణుపుకు కొంచెము పైగా ఏటవాలుగా కోయవలెను. కత్తి పదునుగా నుండవలెను. మొద్దుకత్తి కొమ్మను చీల్చును, చీలికలో తెగులు చేరును. పిమ్మట మొదలు త్రవ్వి, చివికిన పశువుల ఎరువు వేసి నీరు పెట్టినచో మార్చి నాటికి మొగ్గలు. లూకా 13వ అధ్యాయమున అంజూరపు చెట్టుకొరకు తోటమాలి అడిగినదియు ఇంతే: త్రవ్వకము, ఎరువు, ఒక యేడు గడువు. ఏడవ యేట ద్రాక్షతోటకు కత్తి పెట్టవద్దని లేవీయకాండము 25వ అధ్యాయములో నున్నది. కత్తికిని సెలవు కలదు.

కాలము తప్పినచో ఏమగునో మాకు తెలియును. ఒకసారి మందిరపు ముంగిటి పొదను ఫిబ్రవరిలో కొట్టివేసి, ఈస్టరుకు ఒక్క పూవైన లేకుండ చేసితిమి. స్త్రీలు మమ్మును ఇప్పటికిని మన్నింపలేదు!

ఆ తల్లి చాలసేపు మాటలాడలేదు. చివరకు లోపలినుండి కొడవలి తెచ్చి, “మొదటిది నేనే కోస్త” అనెను. మిగిలినది మేము కోసితిమి. కోసినవాటిలో జానెడేసి ముక్కలు రెండు ఏరి, పగిలిన కుండలో గ్రుచ్చి, నీడన పెట్టుకొనెను.

జనవరిలో మరల వెళ్లితిమి. కుండలో ఒకటి ఎండిపోయినది, రెండవదానికి రెండాకులు వచ్చినవి. పొదనిండ చిగురు. పూలు ఇంకను రాలేదు.