జాడీకి ఎక్కని కాయలు

సికింద్రాబాద్‌లో జూబ్లీ బస్ స్టేషన్ దాటి తిరుమలగిరి వైపు పోతుంటే తగిలేది కార్ఖానా. రోడ్డు వెనక గల్లీలో ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఒక నానమ్మ, ఆమె మనవడు. నీతికథల్లో వయసు చెప్పరు గానీ ఈ కథకు అవసరం: మనవడికి ముప్పై దాటాయి.

2009లో, అతను పదో తరగతిలో ఉండగా, పెదనాన్న కొడుకు ఒక ఎక్స్‌బాక్స్ 360 అనే ఆటల పెట్టె కొన్నాడు. రెండేళ్లకు ఆ అన్న అమెరికా పోతూ దాన్ని తమ్ముడికి వదిలిపెట్టాడు. పెట్టెతోపాటు అందులోని అకౌంటూ వచ్చింది. మీట నొక్కితే చాలు, అన్న పేరుతో లోపలికి తీసుకుపోయేది. పాస్‌వర్డ్ అడిగేది కాదు. అడగనిదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

2023 ఆగస్టులో కబురు వచ్చింది. ఆ పెట్టెలో ఉండే ఆటల అంగడిని 2024 జూలై 29న మూసేస్తారట. కొనుక్కునేవాళ్లు ఆలోపే కొనుక్కోవాలి. కొన్నవాటిని మాత్రం ఆ తర్వాత కూడా దించుకోవచ్చు. దగ్గర దగ్గర ఏడాది గడువు. మనవడు కూడా మనందరిలాగే "ఇంకా చాలా టైముంది" అనుకున్నాడు.

ఈలోపు ఎండాకాలం వచ్చింది. నానమ్మ మనవణ్ణి వెంటేసుకుని మోండా మార్కెట్‌కు పోయింది. తొక్కు పెట్టడానికి మామిడికాయ నొక్కి చూసి, వాసన చూసి, పులుపు కోసం ఒక ముక్క కొరికి, బేరమాడి కొన్నది. అక్కడే కొట్టించింది. ప్రతి ముక్కకూ టెంక ఉండాలని కత్తి పట్టినవాడి నెత్తిన నిలబడింది. ఇంటికొచ్చి జీడి తీసి, పొర గీకి, ఒక్కో ముక్కనూ పొడిబట్టతో తుడిచింది. ఉప్పు, కారం, ఆవపిండి, అల్లం వెల్లుల్లి, నూనె. మూడో రోజు తిరగ కలిపి, ఉప్పు చూసి, నూనె పైకి తేలిందాకా ఆగి, జాడీకి వాసెన కట్టింది. ఆ జాడీని అటకమీద పెట్టదు, పక్కింట్లో పెట్టదు. తన మంచం పక్కన పెడుతుంది. అందుకు కారణం అడిగినవాళ్లు ఆ ఏడాది తొక్కు రుచి చూడలేదు.

జూలై 21న లష్కర్ బోనాలు అయిపోయాయి. మనవడు వేళ్లమీద లెక్కపెడితే ఎనిమిది రోజులు మిగిలాయి. అప్పుడు పట్టింది ఆత్రం. ఆఫీసు నుంచి వచ్చిందే ఆలస్యం, టీవీ ముందు కూర్చుని కొనడం. మొదట చిన్నప్పుడు ఆడినవి, తర్వాత చిన్నప్పుడు ఆడనివ్వనివి, ఆఖరికి పేరు కూడా వినని ఆటలు. మొత్తం ముప్పై ఒకటి. పోతుందంటే పనికిరానిది కూడా ముద్దొస్తుంది. పెట్టెలో ఖాళీ లేక రెండే దించుకున్నాడు.

నానమ్మ అడిగింది: "గిన్ని కొన్నవ్, ఏడున్నయ్ రా?"

"అకౌంట్ల ఉన్నయ్ నానమ్మా."

"అదేడుంటది?"

"అమెరికాల."

"అంటే కాయలు కొని బండోని కాడనే ఇడిసిపెట్టొచ్చినవన్నట్టు."

మనవడు నవ్వేశాడు. అంగడి మూసేశారు.

సెప్టెంబరులో ఒక వాన రాత్రి కరెంటు పోయింది. వచ్చేటప్పుడు కొంచెం ఎక్కువే వచ్చింది. పెట్టె మళ్లీ లేవలేదు. ఏం పర్వాలేదనుకుని అలాంటిదే ఇంకొకటి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చాడు. పాత హార్డ్ డిస్క్ తీసి దానికి తగిలించాడు. దించుకున్న ఆటలు రెండూ కనిపించాయి గానీ పూర్తిగా తెరుచుకోలేదు. ఆ ఆటలు దించుకున్న పెట్టెలో ఆడతాయి, లేదా కొన్న అకౌంటుతో లోపలికి వెళితే ఆడతాయి. పెట్టె చచ్చిపోయింది. ఇక అకౌంటు తెరవాలి.

అకౌంటు పాస్‌వర్డ్ అడిగింది. మర్చిపోయానంటే కోడ్ పంపుతానంది. పంపేది అన్న వదిలేసిపోయిన సిమ్ నంబరుకు. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో పెద్దాయన ఎత్తి "కౌన్ భాయ్?" అన్నాడు. రాత్రి అన్నకు ఫోన్ చేశాడు. మెయిల్ ఐడీ చదివి వినిపిస్తే అన్న కాసేపు ఆలోచించి "అది నాదేనా రా?" అన్నాడు.

కథ ఇంతే. నీతి: అంగడి మూసేలోపు సరుకు కొనడం సగం పని, దాని తాళం ఎవరి చేతిలో ఉందో చూసుకోవడం మిగతా సగం.

ఇది ఒక్క కార్ఖానా కుర్రాడి తెలివితక్కువతనం అనుకోవద్దు. ఇలాంటి ఆటల పెట్టెలు చేసే కంపెనీల్లో నింటెండో తన వీ అంగడిని 2019 జనవరిలో, 3డీఎస్, వీ యూ అంగళ్లను 2023 మార్చి 27న మూసింది. సోనీ 2021లో పీఎస్3, వీటా అంగళ్లను మూస్తామని చెప్పి, ఆడేవాళ్లు గోల చేస్తే కొన్ని వారాలకే మాట మార్చుకుంది. గోల చేస్తే వింటారన్నది ఇందులో నాకు నచ్చిన సంగతి. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, ఆ దేశంలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం అప్పటికి మామూలుగా కొనడానికి దొరకడం లేదని తేలింది. కాలిఫోర్నియా 2025 నుంచి ఒక చట్టం అమలు చేస్తోంది. కొనేవాడికి దక్కేది ఆడుకోవడానికి అనుమతి మాత్రమే అయితే, ఆ ముక్క చెప్పకుండా "కొనండి" అని మీట పెట్టి అమ్మకూడదు. మోండా మార్కెట్లో నానమ్మకు ఈ చట్టం ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

మన ఊరి ఆటల సంగతి కూడా చూడండి. ఆ అన్న పెట్టె కొన్న 2009లోనే హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం "హనుమాన్: బాయ్ వారియర్" చేసింది. అదే ఏడాది ఇక్కడి గేమ్‌శాస్త్ర గాలిపటాలు, కబడ్డీ, గిల్లీదండా ఉన్న "దేశీ అడ్డా" చేసింది. అవి గొప్ప ఆటలని నేననను. కానీ ఆ ప్లేస్టేషన్ 2 డిస్కు ఏ ఇంటి సొరుగులో పడి ఉందో ఆ ఇంటిదే. దానికి పాస్‌వర్డ్ లేదు, ఏ అన్నకూ ఫోన్ చేయనవసరం లేదు. గీతలు పడకపోతే చాలు, ఆడే పెట్టె ఒకటి బతికుంటే చాలు.

మనవడు సంక్రాంతికి కొత్త పెట్టె కొన్నాడు. పాత ఆటల్లో కొన్ని ఆ కొత్తదాని అంగట్లో ఇంకా అమ్ముతున్నారు. ఈసారి తన పేర అకౌంటు తెరిచి, నిజంగా ఆడేవి రెండే కొని, రెండూ దించుకున్నాడు. మెయిలు, పాస్‌వర్డ్, ఫోన్ నంబరు నానమ్మ పాల లెక్కల పుస్తకంలో రాశాడు. ఇంట్లో ఇన్నేళ్లుగా పోకుండా ఉన్న కాగితం అదొక్కటే. మర్నాడు లీటరున్నర అని రాయబోతూ ఆమె ఆ వంకర అక్షరాలూ అంకెలూ చూసి ఆగింది.

"ఇదేం బాకీ రా?"

"కొట్టెయ్యకు నానమ్మా," అన్నాడు, "అది నా జాడీ."

ఆమె కింద కొంచెం జాగా వదిలి పాల లెక్క రాసుకుంది.