తోడి కాయకజీవి స్మరణము

ఓం శ్రీ గురు బసవలింగాయ నమః

గతించిన వారిని స్మరించుట మానవులకు సహజ ధర్మము. తల్లిదండ్రులను స్మరింతుము, గురువులను స్మరింతుము. వారి పేరిట పూజ కలదు, జంగమారాధన కలదు, ప్రసాద వినియోగము కలదు. కాని ఒకే తావున, ఒకే పనియందు, ఏండ్ల తరబడి మనతో పాటు శ్రమించిన తోటివాడు అకస్మాత్తుగా కన్నుమూసినచో వానిని స్మరించు విధి యెట్టిది? అతడు మన రక్తబంధువు కాడు. మన కులమువాడు కాకపోవచ్చును, మన మతమువాడు కాకపోవచ్చును. వీరశైవునకు సూతకము లేదని పెద్దలు చెప్పిరి. సూతకము లేనంత మాత్రమున బాధ్యతయు లేదనుకొనరాదు.

బసవేశ్వరులు కాయకమును శివపూజతో సమానముగా నిలిపిన మహానుభావులు. అట్లయినచో ఒకే కాయకమున నిలిచిన ఇద్దరు ఒకే పూజయందు కూర్చుండిన ఇద్దరు భక్తులతో సమానులు. పూజ నడుమ ఒకడు ఒరిగిపోయినచో రెండవవాడు ఏమి చేయవలెను? ఏడ్చి లేచిపోవలెనా? పూజ ముగింపవలెనా? నేటి ప్రసంగమునకు విషయము ఇదియే.

కల్యాణము నేర్పిన పాఠము

పండ్రెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమందు జరిగిన ఘోరము మనకు క్రొత్త కాదు. చర్మకార కాయకమువాడైన హరళయ్యగారి కుమారునికి, బ్రాహ్మణ వంశమున పుట్టి శరణుడైన మధువరసుగారి కుమార్తెకు వివాహము జరిగినది. దానిని సహింపలేని వారు రాజును ప్రేరేపింపగా తండ్రులిద్దరికిని మరణదండన విధింపబడినది. అనుభవ మంటపమున నిన్నటి దాక ప్రక్కన కూర్చున్న వారు నేడు లేరు. కల్యాణము చెదరినది. శరణులు తలకొక దిక్కుగా పోయిరి.

అప్పుడు వారు చేసిన పని యేమి? చెన్నబసవేశ్వరాదులు వచనముల తాళపత్రపు కట్టలు మోసికొని ఉళవి వైపు సాగిరి. మడివాళ మాచిదేవుడు వెనుక నిలిచి వారిని కాచెనని సంప్రదాయము చెప్పుచున్నది. చనిపోయిన మిత్రులకు వారు సమాధులు కట్టుటకు కూర్చుండలేదు. మిత్రులు దేనికొరకు ప్రాణము లిచ్చిరో దానిని భుజములపై మోసిరి. తరువాత పాల్కురికి సోమనాథుడు తెలుగున ద్విపదలో బసవపురాణము రచించి శివభక్తుల చరిత్రలను మన ఇండ్లకు చేర్చెను. అట్లు మోసిన వారుండుటచేతనే హరళయ్య నేడును మన నోట నిలిచియున్నాడు.

స్థావరమునకు, జంగమమునకు గల భేదము మన మతమున మూలసూత్రము. కట్టినది స్థావరము, కదలునది జంగమము. స్మరణమునందును ఈ రెండు విధములు కలవు. రాతిపై పేరు చెక్కుట స్థావర స్మరణము. మృతుని బాధ్యతను తనదిగా చేసికొని నడచుట జంగమ స్మరణము. ఇది ఆనాటి శరణులకు మాత్రమే చెల్లిన ధర్మమా, లేక నేటి కార్మికునకును, ఉద్యోగికిని సాధ్యమా యని ప్రశ్నింపవచ్చును. దీనికి సమాధానము భోపాలు నగర చరిత్రలో కలదు.

మిత్రుని మృతి ప్రశ్నగా మారిన విధము

భోపాలు నగరమున యూనియన్ కార్బైడ్ వారి పురుగుమందుల కర్మాగారము ఉండెను. పైరుపై చల్లు సెవిన్ అను మందు అచట తయారయ్యెడిది. ఆ మందునకు మిథైల్ ఐసోసైనేట్ అను విషద్రవము కావలెను. దానిని చేయుటకు ఫాస్జీన్ అను మరియొక విషవాయువు కావలెను. మన రైతు చేనిలో పురుగును చంపు మందు వెనుక ఇట్టి ప్రమాదకరమైన పనిలో దినమెల్ల నిలిచిన కార్మికు లుండిరి.

అట్టివారిలో మహమ్మద్ అష్రఫ్ ఒకడు. 1981 డిసెంబరులో పని చేయుచుండగా ఫాస్జీన్ సోకి ఆయన మరణించెను. ఆయనకు రాజ్‌కుమార్ కేస్వానీ అను మిత్రుడు కలడు. ఆయన ‘రపట్’ అను చిన్న హిందీ వారపత్రిక నడుపు యువకుడు. మిత్రుడు పోయెనని కేస్వానీ దుఃఖించెను. దుఃఖించి ఊరకుండలేదు. ఈ మరణము ఎట్లు జరిగినది, రేపు మరియొకనికి జరుగదా యని ప్రశ్నించెను. నెలల తరబడి కార్మికులను కలిసి, పత్రములు పరిశీలించి, నగరము గొప్ప అపాయపు అంచున ఉన్నదని గ్రహించెను. 1982 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో తన పత్రికలో వరుసగా హెచ్చరికలు వ్రాసెను. 1984 జూన్‌లో ‘జనసత్తా’ దినపత్రికలో మరల వ్రాసెను.

ఆ హెచ్చరిక ఎవరి చెవిని సోకలేదు. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి మిథైల్ ఐసోసైనేట్ నిలువయున్న తొట్టిలోనికి నీరు చేరినది. తొట్టిని చల్లగా ఉంచవలసిన యంత్రము అంతకు కొన్ని నెలల ముందే ఆపివేయబడి యుండెను. వాయువును కాల్చివేయు గోపురపు గొట్టము విప్పివేయబడి యుండెను. విషమును కడిగి హరింపవలసిన సాధనము సిద్ధముగా లేకుండెను. దాదాపు 40 టన్నుల విషవాయువు నిద్రించుచున్న నగరముపై వ్యాపించినది. ఆ వాయువు గాలికంటె బరువైనది. కావున నేలనంటి గుడిసెలలో నేలపై పండుకొనిన బీదవారినే ముందుగా పట్టుకొన్నది. తడిగుడ్డ ముఖమునకు చుట్టుకొనినచో కొంత మేలు కలుగునను మాటయైన ప్రజలకు ముందుగా చెప్పినవారు లేరు.

మధ్యప్రదేశ్ ప్రభుత్వము ధ్రువపరచిన మరణములు 3,787. బాధితుల పక్షమున నిలిచినవారు చెప్పు సంఖ్య దీనికి ఎన్నో రెట్లు. దేహమున గాయపడినవారు 5 లక్షలకు పైబడిరి.

కేస్వానీ మాట నిజమైనది. అట్లు నిజమగుట ఆయన కోరిన ఫలము కాదు. ఆయన 2021 మే నెలలో కీర్తిశేషుడయ్యెను. ఊరు వినకపోయినను ఆయన కాయకము వ్యర్థమని చెప్పరాదు. పనివాడు పోయెను, మరియొకడు వచ్చును అని లోకము తలచుచోట, పోయినవాడు నా మిత్రుడు, వాని మృతికి కారణము తెలియవలెను అని నిలిచిన ఒక్కని వలన, తెలియలేదని తరువాత ఎవ్వరును చెప్పుకొనుటకు వీలు లేకపోయెను.

విధిని పూరించిన సహోద్యోగి

అదే రాత్రి భోపాలు రైల్వేస్టేషనులో జరిగిన వృత్తాంతమును కూడ వినుడు. దక్షిణ దేశమునుండి ఢిల్లీకి పోవు మన తెలుగువారిలో ఎందరో ఆ స్టేషను మీదుగానే పోవుదురు. ఐనను కిటికీనుండి చూచి, ఇచట ఒక మహాకాయకము జరిగినదని తలచువారు అరుదు.

స్టేషను సూపరింటెండెంటు హరీష్ ధుర్వే ఆ రాత్రి విధి నిర్వహణలోనే ప్రాణములు విడిచెను. ఆయనతో పాటు రైల్వే సిబ్బందిలో మొత్తము 23 మంది ఒరిగిరని చెప్పుదురు. డిప్యూటీ సూపరింటెండెంటు గులాం దస్తగీరు ఆ సమయమున విధిలో నుండెను. కన్నులు మండుచున్నవి, గొంతు పట్టుకొనుచున్నది. గోరఖ్‌పూర్ ఎక్స్‌ప్రెస్ ప్లాట్‌ఫారముపై నిలిచి యున్నది. దానినిండ జనులు. బయలుదేరు వేళ కాలేదు. పైఅధికారుల అనుమతి కొరకు వేచినచో ఆ పెట్టెలన్నియు శవముల పెట్టెలగును. దస్తగీరు బాధ్యత తనపై వేసికొని, వేళకు ముందే రైలును పంపివేసెను. పొరుగు స్టేషన్లకు వార్త పంపి, రైళ్లను భోపాలునకు రానీయవద్దనియు, వైద్య సహాయము పంపవలెననియు కోరెను. ప్రాణభయముతో స్టేషనునకు పరుగెత్తి వచ్చిన వారికి తోడ్పడుచు రాత్రియంతయు అచటనే నిలిచెను.

ఆలోచింపుడు. బయలుదేరిన రైలులో ఆయన కూడ ఎక్కవచ్చును. ఇంటికి పరుగెత్తవచ్చును. ఆయన కుటుంబమును అదే నగరమున ఉండెను. ఆ విషవాయువునకే ఆయన కుమారుడొకడు బలియయ్యెను. ఐనను ఆయన కదలలేదు. పెద్దవాడు ఒరిగిన చోట ఆ పెద్దవాని విధి తనదైనది. ధుర్వే చేయవలసిన కాయకము దస్తగీరు చేతులలో పూర్తియైనది. ఒకరు ఏ దేవుని కొలిచిరో, మరియొకరు ఏ దేవుని కొలిచిరో విచారించు పని లేదు. ఇద్దరి కాయకము ఒకటియే. ఇదియే సహకాయక ధర్మము.

తరువాత దస్తగీరు దీర్ఘకాలము రోగపీడితుడై ఆసుపత్రులలో గడిపి 2003లో మరణించెను. ఆ రోగమునకు ఆ విషవాయువే కారణమని మరణపత్రమున వ్రాయబడెను. విధి నిర్వహణలో మృతులైన ఉద్యోగుల జ్ఞాపకార్థము ఒకటవ నంబరు ప్లాట్‌ఫారముపై ఒక శిల నిలిపిరి. ఆయన మరణించిన నాటికి ఆ శిలపై ఆయన పేరు లేదు.

శిలకు అందనివారు

దీనికి శిలను నిందింపరాదు. శిలకు ఎల్ల కలదు. ఆ రాత్రి మృతినొందిన వారిని అది పట్టుకొనగలదు. పందొమ్మిది సంవత్సరములు కొంచెము కొంచెముగా మరణించినవానిని అది పట్టుకొనలేదు. స్థావర స్మరణము ఇచటనే ఆగిపోవును. ఇచటినుండి జంగమ స్మరణము నడువవలెను.

ఆ నగరమున నేటికిని ఊపిరితిత్తుల రోగముతో బాధపడువారు కలరు. 1989లో 47 కోట్ల డాలర్లతో పరిహారపు ఒప్పందము కుదిరినది. పంచగా ఒక్కొక్కనికి చేరినది స్వల్పము. కర్మాగారమున మిగిలియున్న విషపదార్థములలో 337 టన్నులను అచటనుండి తరలించుటకు 2025 జనవరి వరకు, అనగా నలువది సంవత్సరములు పట్టినది. ఏటేట దీపములు పట్టుకొని నడచు ఆ వితంతువులను చూచినచో జంగమ స్మరణమనగా ఏమియో అర్థమగును. వారు ఒక చోట ఆగరు. వారి స్మరణము వీథులలో నడచుచున్నది.

మనకు కర్తవ్యమేమి?

శరణ బంధువులారా! ఇది దూరదేశపు కథ యని తలపవలదు. 2020 మే 7వ తేదీ వేకువజామున విశాఖపట్నము చెంత స్టైరీన్ విషవాయువు వెలువడి 12 మంది మృతినొందిన సంగతి మన కన్నుల యెదుట జరిగినదే. నిద్రలోనే పట్టుబడిన ప్రజలు, ముందుగా చెప్పని హెచ్చరిక, పొగమంచు వలె వీథిలో పరచుకొనిన విషము, అన్నియు అవియే. ముప్పదియైదు సంవత్సరములు గడచినను పాఠము నేర్వలేదనుటకు ఇంతకంటె సాక్ష్య మేమి కావలెను?

కావున మన గృహములలో, మఠములలో మూడు పనులు చేయవలసియున్నది.

మొదటిది, తోటి పనివాడు అపాయమున్నదని చెప్పినపుడు వినుట. గనిలో గాని, మిల్లులో గాని, చేనిలో మందు చల్లు కూలీలలో గాని ఒకడు వచ్చి అయ్యా, నాకు ఊపిరి ఆడుట లేదు అనినచో వానిని పనిదొంగ యనరాదు. ముక్కునకు గుడ్డయైన లేక మందు చల్లించు యజమాని తాను ధరించిన లింగమునకు ఏమి సమాధానము చెప్పగలడు? అట్టివాని ఇష్టలింగార్చన ఎంత దీర్ఘమైనను ఆ కూలివాని దగ్గు దానిని చెరచును.

రెండవది, మరణించిన సహోద్యోగి ఇంటి గడప మరువకుండుట. పదునొకండు దినములు పరామర్శించి పండ్రెండవ దినమున మరచుట లోకాచారము. దాసోహము అనగా పంక్తిలో వడ్డించుట మాత్రమే కాదు. ఆ ఇంటి పిల్లవానికి పాఠశాల రుసుము కట్టుట దాసోహము. ఆ ఇల్లాలికి రావలసిన పింఛను కాగితములు వ్రాసిపెట్టి, కచేరీకి వెంటపోవుట దాసోహము. చదువు వచ్చినవానికి ఇంతకంటె సులభమైన దాసోహము లేదు.

మూడవది, పేరు లేనివానిని పేరు పెట్టి తలచుట. ప్రతి ఊరిలోను శిలకు ఎక్కని దస్తగీరు ఒకడుండును. తుఫానులో పడవ కట్టినవాడు, బావిలో పడిన బిడ్డకై దిగి తాను పైకి రానివాడు, అట్టివారెందరో. మఠమున శివానుభవగోష్ఠి జరుగు దినమున, ఆ ఊరివారు ఎరిగిన ఒక కాయకజీవి పేరు చెప్పి, వాని పని యిది యని బాలురకు తెలుపుడు. వాని కులము అడుగ నక్కరలేదు. బసవేశ్వరులు అడిగినవారు కారు.

ఇక మీలో ఎవ్వరైనను ఉత్తర దేశమునకు పోవుచు భోపాలు స్టేషనులో రైలు ఆగినపుడు, ఒక్క క్షణము లింగమును చేతబట్టి తలవంచుడు. శిలపై నున్నవారికి ఒక నమస్కారము, లేనివానికి మరియొక నమస్కారము సమర్పింపుడు. పిదప గమ్యము చేరినంతనే మీ పనిచోట మీ ప్రక్కన నిలుచువాని క్షేమము విచారింపుడు. బ్రతికియున్న తోటివాని క్షేమము విచారింపనివాడు, వాడు పోయిన తరువాత వేయు పూలమాలకు ఫలము లేదు.

సమస్త కాయకజీవులకును క్షేమము కలుగుగాక!

శరణు శరణార్థులు.