ఒంటె పుట్టినిల్లు

ఒంటెయు ఎడారియు ఒకదానికొరకొకటి పుట్టినవని మనము చిన్ననాటినుండి నమ్ముచు వచ్చితిమి. కాని జీవాశ్మములను పరిశీలించిన శాస్త్రజ్ఞులు చెప్పు వృత్తాంతము వేరు. ఒంటెల వంశము సుమారు 4 కోట్ల సంవత్సరములకు పూర్వము ఉత్తర అమెరికా ఖండమున మొలకెత్తి, అచ్చటనే శాఖోపశాఖలుగా విస్తరించి, 60, 70 లక్షల సంవత్సరముల క్రిందట బేరింగ్ భూమార్గమున ఆసియా ఖండమునకు వలసవచ్చినది. పుట్టినచోట మిగిలిన ఒంటెలు మంచుయుగాంతమున నశించిపోయినవి. ఉత్తరధ్రువమునకు చేరువనున్న ఎల్స్‌మీర్ ద్వీపమున దొరికిన మహోష్ట్రపు (భారీ ఒంటె) ఎముకలు 35 లక్షల ఏండ్ల నాటివని 2013లో ప్రకటింపబడెను. మంచులో దిగబడకుండ నడచుటకు పనికివచ్చిన వెడల్పు పాదమే తరువాత ఇసుకలో అక్కరకు వచ్చినదనియు, దీర్ఘ శీతకాలమునకై కూడబెట్టుకొన్న మూపురపు కొవ్వే నిరాహారమైన మరుమార్గమున ప్రాణము నిలిపినదనియు వారు ఊహించుచున్నారు.

ఈ సంగతి నన్ను మిక్కిలి కదలించినది. ఏలయన, నేను వచ్చి స్థిరపడినది ఒంటె విడిచిపోయిన ఖండమున. ఒంటె స్థిరపడినది నేను విడిచివచ్చిన ఖండమున.

నా నివాసము న్యూజెర్సీ రాష్ట్రమందలి ప్లెయిన్స్‌బరో. అక్కడనుండి సెలవులకు స్వదేశమునకు వచ్చి, బంధుదర్శనము ముగించుకొని, రాజస్థానమునకు పోయి, జైసల్మేరుకు దాదాపు 40 కిలోమీటర్ల దూరమున సమ్ గ్రామపు ఇసుకతిన్నెలలో ఒంటెనెక్కితిని. మోకరించియున్న ఒంటె లేచునపుడు మొదట వెనుకకాళ్లనెత్తును. ఎక్కినవాడు దాని మెడమీదికి వాలిపోవుదునేమోయని జీనును బిగబట్టునంతలో ముందుకాళ్లు లేచి, అతడు వెనుకకు ఒరగును. నడక సాగిన పిదప ఒకే ప్రక్కనున్న రెండు కాళ్లును కలిసి ముందుకు పడుచుండుటచే దేహమంతయు ఇటునటు ఊగుచుండును. ఆ ఊపునకు లోబడక నిటారుగా కూర్చుండ యత్నించినంతసేపు నడుము నొచ్చుచునే యుండెను. లోబడిన తరువాత నొప్పి తగ్గినది. మోయబడుట కూడ నేర్చుకొనవలసిన విద్యయే.

మా ప్లెయిన్స్‌బరోలో ఒకటవ నంబరు రహదారిపై కారును, న్యూయార్కునకు పోవునపుడు రైలును నన్ను మోయుచునే యుండును. కాని నన్ను ఎవరో మోయుచున్నారను తలంపు ఆ ప్రయాణములలో ఎన్నడును కలుగలేదు. ఇక్కడనో, నా మోకాళ్ల నడుమ ఒక ప్రాణి పక్కటెముకలు ఊపిరితో ఎగసి దిగుచుండెను. తిన్నె ఎక్కునపుడు ఆ ఊపిరి బరువెక్కినది. నేనును ఒక భారమనియు, ఆ భారమును మరియొక ప్రాణి వహించుచున్నదనియు దేహమునకే తెలిసిన క్షణమది.

ఒంటె ఓర్పు మహాద్భుతమైనది. 1950లలో సహారా ఎడారిలో క్నూట్ ష్మిట్-నీల్సన్ అను శాస్త్రజ్ఞుడు చేసిన పరిశోధనలవలన తెలిసినదేమనగా, దాహమున ఉన్న ఒంటె నీటిని చెమటగా వ్యయపరచక, తన దేహోష్ణమునే తెల్లవారుజామున 34 డిగ్రీలకు దిగనిచ్చి, పగలు 40 డిగ్రీలు దాటనిచ్చును. దేహభారములో నాలుగవ వంతు నీటిరూపమున కోల్పోయినను బ్రతుకును. నీరు దొరికినపుడు కొలది నిమిషములలో 100 లీటర్లవరకు త్రాగును. అయితే దేహము తట్టుకొన్నంత మాత్రమున ఒక నేల మనదగునా?

కాదనుటకు అమెరికా చరిత్రయే సాక్ష్యము. యుద్ధమంత్రి జెఫర్సన్ డేవిస్ ప్రోద్బలముచే 1855లో అమెరికా కాంగ్రెసు సైన్యమునకు ఒంటెలు కొనుటకై 30,000 డాలర్లు మంజూరుచేసెను. 1856 మే మాసమున 34 ఒంటెలు టెక్సాసు తీరమున ఇండియనోలా రేవులో దిగినవి. మరుసటి సంవత్సరము ఎడ్వర్డ్ బీల్ 25 ఒంటెలతో పశ్చిమమునకు బండిబాట కొలుచుచు పోయి, అవి కంచరగాడిదలకన్న మేలైనవని ప్రశంసించెను. వేల సంవత్సరముల అనంతరము ఆ జాతి తన పుట్టినింటికి మరల వచ్చినది. నేల సరిపోయినది, పని సరిపోయినది. కాని వాటి వాసనకు కంచరగాడిదలు బెదరెను, వాటిని తోలువారు విసుగుకొనిరి. 1861లో అంతర్యుద్ధము రాగా ఒంటెలను పట్టించుకొనువారు లేకపోయిరి. కొన్ని వేలములో అమ్ముడుపోయెను, కొన్ని ఎడారిపాలయ్యెను. వాటిని తోలుటకు వాటితో వచ్చిన హాజీ అలీ 1902లో అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్‌లో మరణించెను. అతని సమాధిపై ఇప్పటికిని ఒంటె బొమ్మ నిలిచియున్నది. పుట్టినింట ఒంటెకు లోపించినది భూమి కాదు, ఆత్మీయుడు.

రాజస్థానపు థార్ ఎడారిలో దానికి ఆ ఆత్మీయత లభించినది. పార్వతి మట్టితో ఒంటెను మలచగా శివుడు ప్రాణము పోసెననియు, దానిని కాచుటకే మొదటి రైకాను సృజించెననియు అచ్చటి ఒంటెకాపరులైన రైకాలు చెప్పుకొందురు. ఒంటె మాంసము ముట్టక, పాలు సైతము అమ్మరాదను నియమముతో తరతరములు వారు దానిని పోషించిరి. నా ఒంటె ముక్కుతాడు పట్టుకొని నడచుచున్న వృద్ధుని, "బాబా, దీని వయస్సెంత?" అని హిందీలో అడుగగా, "మా చిన్నవాడికంటె రెండేండ్లు పెద్దది, బాబూజీ" అనెను. బిడ్డల లెక్కలో కలిసియున్న ప్రాణిని పరదేశి యని ఎవడనగలడు?

ఆ బంధమును నేడు సడలిపోవుచున్నది. లారీలు వచ్చి బరువులు తీసికొన్నవి. కాలువనీటితో పైరులు పెరిగి మేతభూములు కుదించుకొనిపోయినవి. రాజస్థాన ప్రభుత్వము 2014లో ఒంటెను రాష్ట్రజంతువుగా ప్రకటించి, 2015లో దాని వధను నిషేధించుచు, రాష్ట్రము వెలుపలికి తరలించుటను నియంత్రించుచు శాసనము చేసినది. సదుద్దేశముతో చేసిన ఆ శాసనమువలన కొనువారు కరవై ధరలు పడిపోయినవని పెంపకందార్లు వాపోవుచున్నారు. దేశమున 2012లో 4 లక్షలుండిన ఒంటెలు 2019 పశుగణనలో రెండున్నర లక్షలే. గౌరవపదవి ఇచ్చి పనిని దూరము చేసినచో ఏ ప్రాణియు నిలువదు. యాత్రికుని వినోదము దానికి మిగిలిన కొద్దిపాటి పనులలో ఒకటి. కావున ఆ సవారిని నేను చులుకనగా చూడజాలను.

ఒక నేల మనదగుటకు అచ్చట పుట్టుట చాలదు, అచ్చట బ్రతుకగలుగుట చాలదు. అక్కడివారి భారము మనము వహింపవలెను, మన భారము వారు వహింపవలెను. ఇందుకు మా ఊరే ఒక దృష్టాంతము. ప్లెయిన్స్‌బరోలో ఒకప్పుడు వాకర్-గోర్డన్ పాడిక్షేత్రముండెను. 50 ఆవులను ఒకేసారి త్రిప్పుచు పాలు పిదుకు రోటోలాక్టరను యంత్రమును అక్కడ 1930లో నెలకొల్పిరి. ప్రకటనలలో దేశప్రసిద్ధి గాంచిన ఎల్సీ అను ఆవు 1941లో మరణింపగా ఆ క్షేత్రముననే సమాధిచేసి, దాని పేర ఒక శిలను నిలిపిరి. పాలిచ్చినదానిని ఆ ఊరు మరువలేదు. ఆ ఊరి బాటలు, బడులు, గ్రంథాలయము మనకు ముందువారి శ్రమతో సిద్ధమై మనలను మోయుచున్నవి. అక్కడి తెలుగువారము మన గుడులను, పండుగలను, భాషను శ్రద్ధతో కాపాడుకొనుచున్నాము; అది సముచితమే. దానితోపాటు ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళమున, పాఠశాల సభలలో, పొరుగున ఒంటరియైన వృద్ధుని గుమ్మమున మన భుజమును కనబడవలెను. పౌరసత్వపత్రము నివాసాధికారము నీయగలదు. నివాసి యగుట మాత్రము ఎవరి బరువును ఎంతకాలము మోసితిమి యనుదానిపై నిలిచియుండును.