ఎనక నుంచి నూకేది

"అన్నా, నేను బ్రేక్ తొక్కిన. నా బండి ఆగింది. ఎనకది ఆగలే. నూక్కుంట వచ్చింది."

ఫంక్షన్ హాళ్ళకు జనరేటర్లు కిరాయికిచ్చే తమ్ముడొకడు మేడిపల్లిలోని నా షెడ్డు ముందు బండి ఆపి, దిగీ దిగకముందే అన్న మాట ఇది. ముందు పికప్పు. వెనక పాత లారీ యాక్సిల్ మీద కట్టించిన ట్రైలర్, దాని మీద జనరేటర్. ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ వైపు వస్తుంటే ఆటో అడ్డం వచ్చిందట. ఇతను తొక్కాల్సినట్టే తొక్కాడు. వెనకున్న బరువు హుక్కు మీదికి తోసుకొచ్చి పికప్పు నడుమును పక్కకు తిప్పేసింది. జానెడు దూరంలో ఆటో తప్పింది. "తప్పు నాదెట్లయితదన్నా, నేను ఆగిన గదా" అని ఒకటే అడుగుతున్నాడు. నేను హుక్కు కింద వంగి చూస్తున్నాను. పిన్ను వంకర పోయి ఉంది.

నేను బ్రేకుల మిస్త్రీని. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక షెడ్డులో పానాలు అందించే పిల్లగాడిగా మొదలై, ఈ వరంగల్ రోడ్డు మీద సొంత షెడ్డు వేసుకునేదాకా వచ్చాను. శనివారం సాయంత్రాలు కాలనీ గుడిలో గీత చెప్తుంటే పోయి వెనక వరుసలో కూర్చుంటాను. మూడో అధ్యాయంలో అర్జునుడు ఒక మాట అడుగుతాడు. తనకు ఇష్టం లేకపోయినా, ఎవరో బలవంతాన తోసినట్టు మనిషి పాపం ఎందుకు చేస్తాడని. కృష్ణుడు కామం, క్రోధం అని చెప్తాడు, రజోగుణంలోంచి పుట్టేవని. ఆ జవాబు నేను చాలాసార్లు విన్నాను, తల ఊపాను. ప్రశ్న మాత్రం ఈ తమ్ముడు వచ్చిన రోజే బుర్రకెక్కింది. ఇతనూ అదే అడుగుతున్నాడు. నేను ఆగాను, నన్ను తోసిందెవరు?

పికప్పుకు ఉండేది ఆయిల్ బ్రేకు. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోంచి ఆయిల్ చక్రాలకు పోతుంది, గాలి ట్యాంకుతో దానికి పని లేదు. లారీ యాక్సిల్‌కేమో గాలి కావాలి. ఇతని ట్రైలర్‌కు చాంబర్లున్నాయి, స్లాక్ అడ్జస్టర్లున్నాయి, డ్రమ్ముల్లో లైనర్లున్నాయి. వాటికి ఊపిరి పోసే దిక్కే లేదు. "బండికి ఇంత మార్పు చెయ్యాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్టీఓ అనుమతి కావాలె, నీ పికప్పు ఎంత బరువు లాగొచ్చో కూడ కాగితం మీద చూస్కో" అన్నాను. అవన్నీ తెచ్చుకున్నాకే పని మొదలుపెట్టాను. ఇంజను బెల్టుకు కంప్రెసర్, ఛాసిస్ పక్కన ట్యాంకు, పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ ఎంత గట్టిగా నెడుతుందో పసిగట్టి అంత గాలి వదిలే వాల్వు. అక్కణ్ణుంచి ట్రైలర్‌కు రెండు పైపులు. ఎర్ర పైపులో గాలి ఎప్పుడూ నిండి ఉంటుంది. పసుపు పైపు కాలు చెప్పిన కబురు మోస్తుంది. ట్రైలర్‌కు దాని ట్యాంకు దానికే.

సెట్ చేసేటప్పుడు ఒక కిటుకుంది. వెనకది ఒక వెంట్రుకవాసి ముందు పట్టుకోవాలి. ముందుది మొదట పడితే వెనకది నూకుతుంది, బండి మడత పడుతుంది. వెనకది మొదట పడితే రెండూ తాడు లాగినట్టు తిన్నగా నిలబడతాయి.

కర్మ సంగతి మాట్లాడేటప్పుడు పెద్దలు రెండు ఉపమానాలు చెప్తారు. వదిలిన బాణం వెనక్కి రాదు. కుమ్మరి చెయ్యి తీసినా సారె కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. ప్రారబ్ధం అలాంటిదని, జ్ఞానికైనా అనుభవించక తప్పదని. కాదనేంత చదువు నాకు లేదు. కానీ నా పనిలో బరువు వేరు, తోపు వేరు. జనరేటర్ బరువు నేను తగ్గించలేను, అది దాని రాత. అది ముందున్న బండిని తోసిందంటే మాత్రం ఎవరో చెయ్యాల్సిన పని చెయ్యలేదు. నా పుట్టుక, పెరిగిన తీరు, మా ఇంటి కోపం ఇవన్నీ నా వెనక కట్టి ఉన్న బరువు. విప్పి పక్కన పెట్టేవి కావు. వాటిని ప్రారబ్ధం అంటే ఒప్పుకుంటాను. అవి తోశాయి కాబట్టి చేశానంటే ఒప్పుకోను. ఒక్కప్పుడు నేనూ అలాగే అన్నాను. అందుకే ఒప్పుకోను.

కొన్నేళ్ళ కిందట అయ్యప్ప మాల వేసుకున్నాను. నలభై ఒక్క రోజులు. కోపం పోవాలనే వేసుకున్నాను. మాలలో ఉంటే ఎదుటివాడు ఎవడైనా స్వామే. షెడ్డులో పనిచేసే పిల్లగాణ్ణి కూడా "స్వామీ, పద్దెనిమిది పానా ఇయ్యి" అనేవాణ్ణి. వాడు ముసిముసిగా నవ్వుకుంటూ ఇచ్చేవాడు. ఆ రోజుల్లో నా నోటి నుంచి ఒక్క చెడ్డ మాట రాలేదు. నా భార్య అయితే, సంవత్సరమంతా మాలలోనే ఉండరాదా అంది. ఇరుముడి మోసి, శబరిమల పోయి వచ్చి, మాల తీశాను. మూడో రోజు ఆ పిల్లగాడు కొత్త వాల్వు చేజార్చి కింద పడేశాడు. చెంప మీద కొట్టాను. నలభై ఒక్క రోజుల స్వామిని.

1869లో అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ రైళ్ళ కోసం గాలి బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ మొదటి పద్ధతిలో గాలి మొత్తం ఇంజను దగ్గరే ఉండేది. డ్రైవరు వదిలితే పైపులోంచి పోయి పెట్టెల బ్రేకులు పట్టేది. బాగానే పనిచేసింది. చిక్కల్లా పైపు తెగితే వెనక పెట్టెలకు బ్రేకే ఉండదు. 1872లో ఆయన మొత్తం తలకిందులు చేశాడు. ప్రతి పెట్టెకూ దాని ట్యాంకు పెట్టాడు. పైపులో ఎప్పుడూ గాలి నింపి ఉంచాడు. ఆ గాలి తగ్గిన మరుక్షణం పెట్టె తన సొంత గాలితో తానే పట్టుకుంటుంది. పైపు తెగినా అంతే, ఎవరూ తొక్కక్కర్లేదు. నా దీక్ష మొదటి రకం బ్రేకు. గాలంతా మాలలో ఉంది. మాల తీస్తే పైపు తెగింది. తప్పు దీక్షది కాదు. ఆ నలభై ఒక్క రోజుల్లో నా ట్యాంకు నేను నింపుకోలేదు.

దీనికి అడ్డు చెప్పేవాళ్ళున్నారు, నాలోనే ఉన్నారు. గాలి నింపుకోవడమెందుకు, ఎప్పుడూ బిగించే ఉంచితే చాలదా అని. లారీల వెనక చక్రాలకు స్ప్రింగు బ్రేకు ఉంటుంది. లోపల బలమైన స్ప్రింగు ఎప్పుడూ బ్రేకును పట్టే ఉంచుతుంది. గాలి నాలుగైదు కిలోలు దాటాకే ఆ స్ప్రింగు అణిగి చక్రం తిరుగుతుంది. గాలి పోతే బండి ఉన్నచోటే కూలబడుతుంది. అది భద్రమే. ఉప్పల్ రింగురోడ్డులో పట్టపగలు అలా బిగుసుకుపోయిన లారీ కిందికి దూరి, బోల్టు తిప్పి స్ప్రింగు వెనక్కి లాగి వదిలించిన మనిషిని నేను. మా నాన్న అలా బిగుసుకుపోయిన బండిలాంటివాడు. జీవితంలో ఎవరినీ ఒక్క మాట అనలేదు. మంచివాడన్నారు ఊళ్ళో. మా తాత చేతి దెబ్బల భయం ఆయన లోపల స్ప్రింగులా ఉండిపోయిందని నాకు ఆలస్యంగా తెలిసింది. కోపం లేదు, నవ్వూ లేదు, నా పెళ్ళిలో కూడా గోడకానుకుని నిలబడ్డాడు. ఆగి ఉన్న బండి ఎవరినీ గుద్దదు. నిగ్రహమంటే అదేనా? కాదని నా నమ్మకం. భయం పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంచుతుంది. నిగ్రహం పట్టాల్సినప్పుడు పట్టి, వదలాల్సినప్పుడు వదులుతుంది.

మరి అదెలా వస్తుంది? ఆరో అధ్యాయంలో అర్జునుడు ఇంకో మాట అంటాడు, మనసును ఆపడం గాలిని ఆపడమంత కష్టమని. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. గాలిని పట్టి డబ్బాలో పెట్టడమే కదా నా బతుకు. కృష్ణుడు కష్టమేనని ఒప్పుకుని, అభ్యాసం, వైరాగ్యం అన్నాడు. నా భాషలో అభ్యాసమంటే కంప్రెసర్. ముల్లు సున్నా నుంచి ఏడు కిలోలకు ఎక్కేదాకా ఇంజను ఆడుతూ ఉండాలి. ఆటో అడ్డమొచ్చాక గాలి నింపుదామంటే కుదరదు. వైరాగ్యమంటే డ్రెయిన్ కాక్. గాలిని నొక్కితే అందులోని తేమ నీరై ట్యాంకు అడుగున చేరుతుంది. రోజూ సాయంత్రం వదలకపోతే ఆ నీళ్ళు వాల్వుల్లోకి పోయి తుప్పు పట్టిస్తాయి. మంచి గాలిలోంచే ఆ నీళ్ళు పుడతాయి. నేను కోపం తగ్గించుకున్నానన్న గొప్ప కూడా అలాగే అడుగున చేరుతుంది.

మొన్న ఆ ట్రైలర్ పని అయిపోయింది. చూసుకునే రోజు. జాయింట్లన్నిటికీ సబ్బు నురగ పూశాం, బుడగ లేదు. ముల్లు ఏడు మీద ఉంది. అయినా ట్రైలర్ బ్రేకు వదలడం లేదు. అరగంట కింద పడుకుని వెతికాను. వీపు కింద కంకర, కంట్లో గ్రీజు. తీరా బయటికొచ్చి చూస్తే మా పిల్లగాడు ఎర్ర పైపు పసుపుదాంట్లో, పసుపుది ఎర్రదాంట్లో పెట్టాడు. మాకు దొరికిన కప్లింగులు రెండూ ఒకే రకం, ఎట్లాగైనా పడతాయి.

"అరేయ్" అనేశాను.

వాడి చెయ్యి దానంతటది చెంప దగ్గరికి పోయింది. అప్పుడు కొట్టిన చెంపే. ఆ చెయ్యి చూసి మిగిలిన మాట నా గొంతులోనే ఆగింది. పూర్తిగా ఆగలేదు, "అరేయ్" బయటపడింది కదా. కాస్త ఆలస్యంగా పట్టింది, సెట్టింగు ఇంకా కావాలి.

"ఎర్రది ఎర్రదానికి, పసుపుది పసుపుదానికి పెట్టు స్వామీ" అన్నాను.

వాడు పైపు అందుకోబోతూ ఆగి, నా మెడ వైపు చూశాడు.